లైసెన్స్ ఉంది, డ్రైవింగ్ రాదు

ఈ దేశానికి కొత్తగా వచ్చిన మన పిల్లలు ఏ పెళ్లిలోనో పుట్టినరోజు పార్టీలోనో నన్ను పట్టుకుని, "అంకుల్, ఇక్కడ సెటిల్ అవ్వాలంటే ముందు ఏం చెయ్యాలి?" అని అడుగుతుంటారు. నేను హామిల్టన్‌లో చాలా ఏళ్లు డ్రైవింగ్ నేర్పి రిటైరైనవాణ్ణి. నా జవాబు తిరిగి తిరిగి కారు దగ్గరికే వస్తుందని వాళ్లకూ తెలుసు. అయినా అడుగుతారు, నేనూ చెబుతాను. ఆక్లాండ్‌లో అయితే టకానిని లాంటి శివారు నుంచి రైలెక్కి ఆఫీసుకు పోవచ్చు. మా ఊళ్లో అలా కుదరదు. పాలు అయిపోతే వీధి చివర డెయిరీ దాకా, అంటే ఇక్కడి చిల్లర కొట్టు దాకా, నడిచి వెళ్లొచ్చు. అంతకు మించిన పని ఏదైనా కారెక్కాల్సిందే.

అయితే నేను నేర్పింది డ్రైవింగ్ ఒక్కటే కాదు. స్టీరింగ్ పట్టుకున్న మనిషి కళ్లు రోడ్డు మీద ఉంటాయి. పక్కనున్న వాడి ముఖం చూడాల్సిన పని లేదు కాబట్టి ముఖాముఖి చెప్పలేని మాటలన్నీ బయటికి వస్తాయి. ఇంట్లో గోడలకు బూజు పడుతోందని ఒకరు, పాపకు దగ్గు తగ్గడం లేదని ఒకరు, ఆఫీసులో తన మాట ఎవరికీ అర్థం కావడం లేదని ఇంకొకరు. ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య నేను చెప్పేవాణ్ణి: చలికాలంలో తడిబట్టలు ఇంట్లో ఆరెయ్యకండి, ఎంత చలిగా ఉన్నా పొద్దున కాసేపు కిటికీలు తెరవండి. జ్వరం వచ్చాక కాదు, ముందే దగ్గర్లోని డాక్టరు దగ్గర పేరు రాయించుకోండి. హారన్ మాత్రం ముట్టుకోకండి. మన దగ్గర హారన్ అంటే "వస్తున్నా" అని చెప్పడం, ఇక్కడ మొహం మీద తిట్టడం.

అలా నా కారెక్కిన వాళ్లలో ఒకావిడ కథ మీకు చెప్పాలి. పేర్లు ఎవరివీ చెప్పను. ఆవిడ ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉంది. పొగిడితే ఆవిడకు నచ్చదు.

ఆకులు రాలే కాలంలో ఒక మధ్యాహ్నం మా డ్రైవింగ్ స్కూలుకు వచ్చింది. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు కార్లు, ఇద్దరం మనుషులం. నలభైకి దగ్గర్లో ఉన్న మనిషి. చుడీదార్ మీద భర్తది కాబోలు, పెద్ద జాకెట్ వేసుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు లైసెన్స్ ఉంది అంకుల్. డ్రైవింగే రాదు," అంది.

నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వడం లేదు.

"మరి లైసెన్స్ ఎలా వచ్చిందమ్మా?"

"మా ఆయన దుబాయ్ పోయే ముందు నిజామాబాద్‌ల ఇద్దరం తీస్కున్నం. స్కూలాయనే స్టీరింగ్ పట్టిండు, నేను పక్కన కూసున్న. ఫొటో మాత్రం నాదే."

చట్టం ప్రకారం ఆ ఇండియా లైసెన్స్‌తో ఆవిడ ఆ సాయంత్రమే కారు తీసుకుని ఆక్లాండ్ దాకా వెళ్లొచ్చు. నిజానికి మా గేటు దాటించడం కూడా ఆవిడకు చేతకాదు.

అప్పుడు విషయం చెప్పింది. భర్త పాలు పితికే మెషిన్లు బాగుచేసే చిన్న కంపెనీలో టెక్నీషియన్. రోజంతా ఒక ఫామ్ నుంచి ఇంకో ఫామ్‌కి తిరగడమే పని. కిందటి వారం ఒక ఫామ్‌లో పనిచేస్తూనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. పక్కన మనుషులుండి పట్టుకున్నారు కాబట్టి బతికాడు. మందులతో ఫర్వాలేదన్నారు, పని చేసుకోవచ్చన్నారు. ఏడాది దాకా స్టీరింగ్ మాత్రం పట్టుకోకూడదన్నారు. డ్రైవ్ చెయ్యలేని టెక్నీషియన్ ఆ కంపెనీకి ఎందుకు? వాళ్ల వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. ఉద్యోగం పోతే ముగ్గురూ, అంటే బడిలో చేరిన కూతురితో సహా, సామాను సర్దుకోవాల్సిందే.

"ఓనరు మంచోడే. వేరే మనిషిని కొన్నాళ్లకు పెట్టుకున్నడు. ఆవులు ఈనే టైమ్ వస్తే పని ఎక్కువైతది, అప్పటిదాంక ఆగుతా అన్నడు. నేను ఆయన్ని తిప్పుతానని చెప్పిన. ఓనరు అన్నడు, ఈ దేశం లైసెన్స్ తెచ్చుకో, నా బండికి ఇన్సూరెన్స్ ఒప్పుకుంటది, అప్పుడు చూద్దాం అని."

ఇక్కడ ఆవులు చలికాలం మధ్యలో ఈనడం మొదలుపెడతాయి. మధ్యలో ఉన్నది కొద్ది నెలలు. సైకిల్ కూడా తొక్కని మనిషి. నేను నిజం దాచలేదు. "కష్టమమ్మా," అన్నాను.

"కష్టమైతదని తెలుసు అంకుల్. మీరు నేర్పిస్తరా లేదా చెప్పుండ్రి."

మర్నాటి నుంచే మొదలుపెట్టాం.

మొదటి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి మాటలు చాలవు. స్టీరింగ్‌ని బావి గిలక తాడులా బిగించి పట్టుకునేది. ప్రతి మలుపులోనూ హారన్ కొట్టేది. ఒక ముసలి కివీ, అంటే ఈ దేశపు ఆయన, తన తోటలోంచి బయటికొచ్చి ఏం కావాలని అడిగాడు పాపం. నేను "ఎడమకి తిప్పమ్మా" అంటే ఎడమకే తిప్పేది. అదే మాట పరీక్షలో ఇంగ్లిష్‌లో వస్తుందని గుర్తొచ్చి "లెఫ్ట్" అంటే ఒక్క క్షణం ఆలోచించి కుడికి తిప్పేది.

ఈ సంగతి పట్టుకున్నది స్కూల్లో నా భాగస్వామి. ఆవిడ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. కివీ మనిషి, నాకంటే పెద్దది. చాలా కాలం పల్లె దారుల్లో స్కూలు బస్సు నడిపి, ఆ తర్వాత నాతో కలిసింది. గడ్డ కట్టే చలిలో కూడా మోకాళ్ల పైకి నిక్కరు, చేతిలో ఫ్లాస్కు. ఒకరోజు వెనక సీట్లో కూర్చుని అంతా చూసి, దిగాక నాతో అంది:

"నువ్వు తెలుగులో నేర్పుతున్నావు, పరీక్ష ఇంగ్లిష్‌లో పెడతారు. కబుర్లు మీ భాషలో చెప్పుకోండి. దారి మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పు."

ఆ రోజు నుంచి లెఫ్ట్, రైట్, స్టాప్ అన్నీ ఇంగ్లిష్‌లోనే. మధ్యలో కూరల సంగతులు, కూతురి బడి సంగతులు తెలుగులో. వారం తిరక్కుండానే ఆ తికమక పోయింది.

అసలు చిక్కు భర్తతో వచ్చింది. మెత్తటి మనిషి, పనిమంతుడు. కానీ తను నడపలేక పక్కన కూర్చోవడం ఆయనకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. ఆదివారాలు ఇద్దరూ వాళ్ల పాత కారులో ప్రాక్టీసుకు వెళ్లేవాళ్లు. తిరిగొచ్చేసరికి ఒకరితో ఒకరు మాట్లాడుకునే స్థితిలో ఉండేవాళ్లు కాదు. ఒకసారి నా ముందే పేలిపోయాడు.

"రోజూ పెండ్లాం దింపుతుంటే నేను పనికి పోవాల్నా సార్? మా ఊరోళ్లు చూస్తే ఏమనుకుంటరు?"

ఆవిడ సీటుబెల్టు విప్పుకుంటూ అంది: "ఊరోళ్లు ఏడున్నరు ఇక్కడ? అన్నీ ఆవులే. అవేమనుకోవు."

ఆయన తల దించుకున్నాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను, నవ్వుతున్నాడు. ఆవిడా నవ్వింది. నేను మాత్రం సందు చూసుకుని చెప్పాను: కారులో ఒక్కరే టీచర్ ఉండాలి, ఆదివారం ఆ టీచర్ నోరు మూసుకోవాలి. పెళ్లైన కొత్తలో ఈ దేశం వచ్చిన జంటలకు నేను ఉచితంగా ఇచ్చే సలహా ఇదొక్కటే.

ఆవిడలో నేను చూసింది తెలివితేటలు కాదు, ధైర్యమని కూడా అనను. భయం ఉండేది, అరచేతులు చెమట్లు పట్టి స్టీరింగ్ జారేది. ఆ చేతుల్ని చుడీదార్‌కి తుడుచుకుని మళ్లీ పట్టుకునేది. తప్పు చేస్తే సంజాయిషీ చెప్పేది కాదు, "ఇంకోసారి పోదామా అంకుల్?" అనేది. ఇన్నేళ్లలో నా కారెక్కిన వాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. తప్పయిన చోటికి మళ్లీ తీసుకెళ్లమని తానే అడిగింది మాత్రం ఆవిడొక్కతే.

రివర్స్ ఒక్కటే లొంగలేదు. వెనక్కి వెళ్లాలంటే శరీరమంతా కొయ్యబారిపోయేది. నా వల్ల కాక నా భాగస్వామికి అప్పగించాను. ఆవిడ రగ్బీ మైదానం పక్కన ఖాళీగా ఉండే పార్కింగ్‌కు తీసుకెళ్లి, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో రాళ్లు వేసి వరసగా పెట్టింది. డబ్బాలు నలుగుతూనే ఉన్నాయి, ఈవిడ మళ్లీ మళ్లీ వెనక్కి పోతూనే ఉంది. ఒకరికి తెలుగు రాదు, ఒకరికి ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఎలా మాట్లాడుకునేవారో నాకు తెలీదు. ఒకరోజు చూద్దును కదా, ఇద్దరూ బానెట్ మీద ఫ్లాస్కు పెట్టుకుని టీ తాగుతున్నారు.

"ఏం నేర్పిందమ్మా?" అని అడిగాను.

"దేనికి తగుల్తదో అని భయపడే దిక్కు చూడొద్దంట అంకుల్. ఏడికి పోవాల్నో ఆడికే చూడాల్నంట. నిదానంగ పోతే బండి అదే పోతదంట."

మొదటి పరీక్ష తప్పింది. స్టాప్ గుర్తు దగ్గర అటూ ఇటూ చూసింది, ఎవరూ రావడం లేదు, చక్రాలు పూర్తిగా ఆగకముందే ముందుకు కదిలింది. మన కంటికి అది ఆగినట్టే. పరీక్ష పెట్టే అధికారికి కాదు. కొత్తవాళ్లు గుర్తుంచుకోండి, ఇక్కడ స్టాప్ అంటే కారు శవంలా ఆగాలి.

ఇద్దరం కారులో కూర్చున్నాం. ఓదార్చడానికి నేను మాటలు వెతుక్కుంటున్నాను.

"ఆ స్టాప్ బోర్డు దగ్గరికి ఒక్కసారి తీస్కపోతరా?" అంది.

వెళ్లాం. ఆగింది. పూర్తిగా ఆగింది. వెనకెవరూ లేరు కాబట్టి అవసరానికి మించి ఆగింది. "గిట్లనా?" అంది. "అలాగే," అన్నాను. ఇంటికి వెళ్లిపోయాం.

మళ్లీ పరీక్షకు ఖాళీ దొరకడమే కష్టమైంది. అటు ఆవులు ఈనే కాలం వచ్చేసింది. నా భాగస్వామి రోజూ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరో రద్దు చేసుకున్న స్లాటు ఒకటి పట్టుకుంది. ఆ ఉదయం మంచు. మా వైకాటో ప్రాంతపు మంచు చూడనివాళ్లకు చెప్పలేను. నది మీంచి లేచి ఊరిని దూదిలో చుట్టేస్తుంది. అధికారి, మితంగా మాట్లాడే ఒక పెద్దమనిషి, కాస్త తెరిపివ్వనిద్దాం అన్నాడు. కొంత తేలికపడ్డాక బయల్దేరారు. నేనూ ఆవిడ భర్తా బెంచీ మీద కూర్చున్నాం. ఆయన వేళ్లు విరుచుకుంటున్నాడు.

కారు తిరిగొచ్చింది. అధికారి దిగి, ఆవిడతో ఏదో చెప్పి, లోపలికి వెళ్లిపోయాడు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"పోయింది అంకుల్. బోరింగ్ అన్నడు."

"ఏమన్నాడు, సరిగ్గా చెప్పు?"

"నైస్ అండ్ బోరింగ్ డ్రైవ్ అన్నడు."

నేను పెద్దగా నవ్వేశాను. డ్రైవింగ్ పరీక్షలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. పక్కన కూర్చున్నవాడికి ఒక్కసారి కూడా గుండె ఝల్లుమనలేదని దానర్థం. ఆ సంగతి వివరించేసరికి ఆవిడ అక్కడే మెట్ల మీద కూలబడి కొంగు, అంటే చున్నీ, మొహానికి అడ్డం పెట్టుకుంది. భర్త పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. అందరూ చూస్తున్నా తీయలేదు.

కానీ అసలు పరీక్ష అది కాదని మాకు తర్వాత అర్థమైంది.

కంపెనీ ఓనరు పొడుగాటి మనిషి. లైసెన్స్ చూసి సంతోషించాడు, తలూపాడు. "టౌన్‌లో నడపడం వేరు. నన్నొకసారి ఫామ్‌కి తీసుకెళ్లు, చూస్తాను," అన్నాడు. కావాలంటే మీ టీచర్ని కూడా తెచ్చుకో అన్నాడట. అలా ఒక శనివారం మేం నలుగురం కంపెనీ యూట్‌లో ఎక్కాం. యూటంటే వెనక సామాను తొట్టి ఉండే బండి. తొట్టి నిండా పనిముట్లు, పైపులు, పైన కప్పు. వెనక అద్దంలోంచి ఏమీ కనపడదు. ఆవిడ స్టీరింగ్ దగ్గర, పక్కన భర్త, వెనక నేనూ ఓనరూ.

తారు రోడ్డు అయిపోయింది, కంకర దారి మొదలైంది. సన్నగా తుంపర. బాగా నడుపుతోంది. ఎదురొచ్చే పల్లె జనం స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తుంటే తనూ ఎత్తుతోంది. మొదట్లో ఆ వేలు చూసి, నేనేం తప్పు చేసిన అంకుల్ అని కంగారుపడిన మనిషి.

ఒక వాగు మీద ఇరుకు వంతెన. ఒక్క బండికే చోటు. బోర్డు చూస్తే మన వైపుకే ముందు హక్కు, అవతలివాళ్లు ఆగాలి. వేగం తగ్గించి, చూసి, ఎవరూ లేరని వంతెన ఎక్కింది. సగం దాటామో లేదో, ఎదురు మలుపులోంచి పాల ట్యాంకర్ దిగింది. దాని వెనక ఇంకో ట్రైలర్. డ్రైవర్ మమ్మల్ని చూసి బ్రేకు వేశాడు. తడి కంకర మీద కొంచెం జారి, వంతెన మొదట్లో ముక్కు పెట్టి ఆగింది.

రెండు బండ్లూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

"నువ్వు కదలకు," అన్నాడు భర్త. "మనదే రైట్ ఆఫ్ వే. వాడే ఎనకకు పోవాలె."

ఆయన అన్నది నిజమే. ఓనరు కిటికీలోంచి వాగును చూస్తున్నట్టు కూర్చున్నాడు. నాకు నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. అది నేర్పే సమయం కాదు.

ఆవిడ ట్యాంకర్‌ని చూసింది. దాని వెనక ఎత్తుగా ఉన్న తడి దారిని చూసింది. చేతులు ఒకసారి తుడుచుకుని రివర్స్ గేర్ వేసింది.

బండి వెనక్కి కదిలింది. రెండు పక్కలా చెక్క రెయిలింగు, దాని కింద నీళ్లు. ఆవిడ తల కుడి అద్దం, ఎడమ అద్దం, మళ్లీ కుడి. తొందర లేదు. ఒకచోట రెయిలింగు మరీ దగ్గరైంది. ఆపింది, కొంచెం ముందుకు తీసుకుని సరిచేసుకుంది, మళ్లీ వెనక్కి. వంతెన దిగాం. ఒక ఫామ్ గేటు ముందు వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఒదిగి, చక్రాలు పూర్తిగా ఆపింది.

ట్యాంకర్ మా పక్కనుంచి నెమ్మదిగా వెళ్లింది. డ్రైవర్ ఒక వేలు కాదు, చెయ్యి మొత్తం ఎత్తాడు.

"మనదే రైట్ కదా," అన్నాడు భర్త, ఈసారి మెల్లగా.

"రైట్ మనదే. అంత పెద్ద బండి ఎటు పోతది ఆ గుట్ట మీదికి? మనది చిన్నది. ఎవరికి సులువుగ అయితదో వాళ్లు జరగాలె," అంది. ఫస్ట్ గేర్ వేసి మళ్లీ వంతెన ఎక్కింది.

ఓనరుకు తెలుగు రాదు. ఏమంది అని నన్నడిగాడు. చెప్పాను. ఫామ్ దగ్గర దిగాక ఆయన, బురదలో తడిసిపోతున్న ఆవిడ చెప్పుల వైపు చూసి ఒక్క ప్రశ్న అడిగాడు.

"నీ గమ్‌బూట్ల సైజెంత?"

గమ్‌బూట్లంటే బురదలో వేసుకునే రబ్బరు బూట్లు. ఆవిడకు అర్థం కాలేదు. భర్తకు అర్థమైంది. ఫామ్ చేరాక ఆవిడ బండిలో ఊరికే కూర్చోదు కదా, ఇద్దరినీ పనిలో పెట్టుకుంటానని ఓనరు మాట. ఆవిడ వీసాకు పని చేసే వీలు ఉండనే ఉంది. సోమవారం నుంచి ఇద్దరూ వెళ్లారు.

ఆ ఏడాది వాళ్లు నాకు అరుదుగా కనిపించారు. తెల్లవారుజామున బయల్దేరి సాయంత్రానికి చేరేవాళ్లు. ఎప్పుడైనా కలిస్తే ఆవిడ చేతులు పగిలి ఉండేవి. మొదట్లో పనిముట్లు అందించేది, తర్వాత తానే మెషిన్ల రబ్బర్లు మార్చడం నేర్చుకుంది. ఫామ్ ఇళ్లవాళ్లు సంచులకొద్దీ నిమ్మకాయలిస్తే పచ్చడి పెట్టి తిరిగి వాళ్లకే పంచింది. కారం తట్టుకోలేక ఒక రైతు తొట్టిలో ఆవులకు పెట్టిన నీళ్లు తాగబోయాడని భర్త చెప్పి తెగ నవ్వాడు. ఈలోగా మన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆవిడ పేరు చెప్పుకుని మా స్కూలుకు రావడం మొదలైంది. అందరిదీ ఒకటే మాట, లైసెన్స్ ఉంది, డ్రైవింగ్ రాదు. నా భాగస్వామి కొత్త ఐస్‌క్రీమ్ డబ్బాలు పోగుచేసింది.

ఏడాది దాటాక డాక్టరు ఆయనకు మళ్లీ నడపడానికి అనుమతిచ్చాడు. ఆ ఆదివారమే భోజనాలు కట్టుకుని నన్ను రాగ్లాన్ సముద్రం దగ్గరికి రమ్మన్నారు. వాళ్ల పాత కారు. ఆయన స్టీరింగ్ దగ్గర, కొత్తవాడిలా రెండు చేతులూ బిగించి. ఆవిడ పక్క సీట్లో. వెనక నేనూ వాళ్లమ్మాయీ. అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

ఊరు దాటి కొండదారి ఎక్కాం. ఆ దారి మీలో చాలామంది చూసే ఉంటారు. పచ్చటి గుట్టలు ఒకదాని మీద ఒకటి దొర్లినట్టుంటాయి, మధ్య మధ్య తెల్లటి గొర్రెలు, లోయల్లో చెట్లంత ఫెర్న్‌లు. ఆవిడ సీట్లో వెనక్కి వాలి, అద్దం దించి, మెడ తిప్పి అటూ ఇటూ చూడసాగింది. అంతదాకా ఆవిడ అలా చూడడం నేనెన్నడూ చూడలేదు. ఎప్పుడూ రోడ్డు, అద్దాలు, మళ్లీ రోడ్డు.

"ఏమే, ఏం చూస్తున్నవ్?" అన్నాడు భర్త.

"గివన్నీ ఎప్పటిసంది ఉన్నయి?" అంది ఆవిడ. "మనం రోజూ తిరిగే తొవ్వలల్ల గూడ గిట్లనే ఉంటదా?"

"గిట్లనే ఉంటది. నీకు చెప్పలేదు. చెప్తే అటు చూస్తవని."

ఆవిడ చున్నీ గాలికి ఎగురుతుంటే పట్టుకోనైనా లేదు. సముద్రం కనపడేదాకా అలాగే చూస్తూ కూర్చుంది. ఆయన కారు మెల్లగా పోనిచ్చాడు.